కార్డుంది, జాబితాలో పేరు లేదు: వలస కూలీల ఓటు కోసం పనిచేయడం ఒక ఉద్యోగమేనా?

2024 మే 13 పోలింగ్‌కు ముందు రెండు మూడు రోజులు హైదరాబాద్–విజయవాడ రహదారి మీద కార్లు బారులు తీరిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. టోల్‌గేట్ల దగ్గర కిలోమీటర్ల కొద్దీ వాహనాలు. సొంతూరికి వెళ్లి ఓటేయాలన్న పట్టుదలను టీవీలన్నీ మెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం పోలింగ్ జరిగింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేము నగరానికి పడమటి వైపు ఒక అపార్ట్‌మెంట్ కడుతున్న చోట, రేకుల షెడ్ల మధ్య తిరుగుతున్నాం. అక్కడున్నవాళ్లు నారాయణపేట వైపు నుంచి, కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చినవాళ్లు. ఎక్కువమంది మాదిగలు, తర్వాత బోయలు, కొన్ని లంబాడా కుటుంబాలు. మేము ఓటు గురించి అడుగుతున్నామని తెలిసి ఒక పెద్దమ్మ ప్లాస్టిక్ కవరులో మడిచి దాచుకున్న ఓటరు కార్డు తెచ్చి చూపించింది. ఫోనులో వెతికితే ఆ నంబరుతో జాబితాలో పేరు రాలేదు. “కార్డుంది గద బిడ్డా, పేరెట్ల పోతది?” అని అడిగింది.

కార్డు గుర్తింపు కోసమే. ఓటేసే హక్కు మాత్రం జాబితాలో పేరుతోనే వస్తుంది. ఈ తేడా చెప్పడానికి మాకు రెండు నిమిషాలు పట్టింది. పేరు ఎట్లా పోయిందో కనుక్కోవడానికి నెలకు పైగా పట్టింది. వలస కూలీల ఓటు మీద పనిచేయడమంటే ఎక్కువ భాగం ఈ నెల రోజుల పనే. మా దగ్గరికొచ్చే ఎంఏ, ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులు తరచూ అడిగే ప్రశ్న ఇంకొకటుంది: “ఈ పని చేస్తే బతకొచ్చా?” ఈ రెండింటినీ విడదీసి మాట్లాడలేమని మా అనుభవం.

చైతన్యం సమస్య కాదు

ఎన్నికల సమయంలో ‘ఓటరు చైతన్యం’ పేరుతో ర్యాలీలు, ముగ్గుల పోటీలు, ప్రతిజ్ఞలు జరుగుతాయి. వలస కూలీల విషయంలో ఇవి తప్పు రోగానికి మందు. ఓటు విలువ తెలియని దళిత కూలీ మాకు ఎక్కడా తారసపడలేదు. ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో, తమ వాడలో ఎన్ని ఓట్లున్నాయో వాళ్లకు లెక్క తెలుసు. అడ్డం వచ్చేది కాలం, అప్పు, కాగితం.

కాలం సంగతి చూడండి. లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్, మే నెలల్లో వస్తున్నాయి. ఇటుక బట్టీలు చలికాలంలో మొదలై వానలు పడేదాకా నడుస్తాయి. గుంటూరు వైపు మిరపకోతలు ఫిబ్రవరి నుంచి ముమ్మరంగా ఉంటాయి. కోసిగి, మంత్రాలయం ప్రాంతాల వాళ్లు ‘సుగ్గికి పోవడం’ అనేది ఈ పనులకే. తెలంగాణ శాసనసభ ఎన్నికలు 2018లో డిసెంబర్ 7న, 2023లో నవంబర్ 30న జరిగాయి. అది చెరకు కోతకు పోయినవాళ్లు పొలాల్లో ఉండే కాలం. ఎన్నికల క్యాలెండరు, వలస క్యాలెండరు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఇందులో మన రాష్ట్రాలు కూలీలను పంపేవి మాత్రమే కావు. ఒడిశాలోని బలంగీర్, నువాపడ ప్రాంతాల దళిత, ఆదివాసీ కుటుంబాలు తెలంగాణ ఇటుక బట్టీల్లో పనిచేస్తున్నాయి. మనం మన పాలమూరు కూలీల గురించి మాట్లాడేటప్పుడు మన గడ్డ మీదున్న వాళ్ల ఓటును మరిచిపోతుంటాం. మేమూ మొదటి ఏడాది మరిచిపోయాం.

తర్వాత అప్పు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చిన మనిషి నడుమ పని వదిలి ఊరికి పోవాలంటే మేస్త్రీ ఒప్పుకోవాలి. రానుపోను చార్జీలు, రెండు మూడు రోజుల కూలి పోతాయి. పిల్లలుంటే వాళ్లతో ప్రయాణం. చట్టంలో పరిష్కారం లేకపోలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజున ఓటున్న ఉద్యోగికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. రోజు కూలీలకూ ఇది వర్తిస్తుంది. ఇవ్వని యజమానికి జరిమానా ఎంతో తెలుసా? గరిష్ఠంగా 500 రూపాయలు. పైగా ఒక్క రోజు సెలవుతో బొంబాయి నుంచి మక్తల్ వచ్చి తిరిగి పోవడం ఎవరి వల్లా కాదు.

ఈ ఖాళీలోకి పార్టీల బస్సులు వస్తాయి. పోలింగుకు ముందు రోజు బొంబాయి, పుణె, హైదరాబాద్ అడ్డాలకు వాహనాలు పంపి, చార్జీలతో పాటు ‘ఖర్చులు’ ఇచ్చి తీసుకొస్తారు. ఓటర్లను పోలింగ్ కేంద్రానికి అద్దె వాహనాల్లో తరలించడం అదే చట్టంలోని 123(5) ప్రకారం అవినీతి చర్య. ఇది కూలీల తప్పు కాదు. తన ఖర్చుతో రాలేని మనిషి ఎవరి ఖర్చుతో వచ్చాడో వాళ్ల మాట కాదనలేడు. ఓటు రహస్యమే కావచ్చు, బస్సులో కూర్చున్న సీటు రహస్యం కాదు.

పంచాయతీ ఎన్నికల్లో ఇది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సర్పంచ్ స్థానం ఎస్సీలకు రిజర్వ్ అవుతుంది. వాడలో సగం మంది బయట ఉంటారు. గెలుపోటములు పదుల ఓట్లలో తేలుతాయి. అప్పుడు గెలిచేది వాడ కోరుకున్న దళిత అభ్యర్థా, ఊరి పెద్దకులాలు నిలబెట్టిన దళిత అభ్యర్థా అన్నది ఎవరు ఊళ్లో లేరన్న దాన్ని బట్టి ఉంటుంది. రిజర్వేషన్ సీటును ఇస్తుంది. ఆ సీటులో ఎవరు కూర్చోవాలో తేల్చే ఓటర్లు ఇటుక బట్టీలో ఉంటారు.

చట్టంలో మన చేతికి అందేవి

ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్లకే ఓటున్న కాలంలో, 1928లో సైమన్ కమిషన్ ముందు అంబేద్కర్ వయోజనులందరికీ ఓటు అడిగారు. రాజ్యాంగంలోని 326వ అధికరణంతో అది వచ్చింది. ఇవాళ పాత అర్హతల స్థానంలో ‘నివాసం’ కూర్చుందని మా అభిప్రాయం. సొంత గడప, స్థిరమైన చిరునామా ఉన్నవాడికి ఓటు సులువు. లేనివాడు ప్రతిసారీ రుజువు చేసుకోవాలి.

1950 చట్టం ఒక నియోజకవర్గంలో ‘సాధారణంగా నివసించే’ వ్యక్తి అక్కడ ఓటరుగా నమోదు కావచ్చంటుంది. 20వ సెక్షన్‌లోని (1ఎ) ఉపసెక్షన్ ప్రతి కార్యకర్తా కంఠతా పట్టాల్సినది: తాత్కాలికంగా ఊరు విడిచి పోయినంత మాత్రాన ఆ మనిషి అక్కడి సాధారణ నివాసి కాకుండా పోడు. ‘ఇల్లు తాళం వేసి ఉంది’ అన్న ఒక్క కారణంతో సుగ్గికి పోయినవాళ్ల పేర్లు కొట్టేయడానికి ఇది అడ్డు. 22వ సెక్షన్ ప్రకారం, నివాసం మారిందన్న కారణంతో పేరు తీసేముందు ఆ వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. 24వ సెక్షన్ కింద మొదటి అప్పీలు జిల్లా మెజిస్ట్రేటు దగ్గరికి, రెండోది రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గరికి వెళ్తుంది. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఒకసారి జాబితాలో ఉన్న పేరుకు విలువ ఉంటుందని, విచారణ లేకుండా అనుమానంతో తీసేయడం కుదరదని చెప్పింది. ఆ కేసు ఢిల్లీ, ముంబయి నగరాల్లోని పేదల బస్తీల నుంచి వచ్చిందని గుర్తుంచుకోవాలి.

కాగితం మీద ఇంత ఉన్నా జరిగేది వేరు. బిహార్‌లో 2025 జూన్‌లో మొదలైన ప్రత్యేక సమగ్ర సవరణలో ఆగస్టు 1న వచ్చిన ముసాయిదా జాబితాలో సుమారు 65 లక్షల పేర్లు లేవు. అందులో దాదాపు 36 లక్షలు శాశ్వతంగా వెళ్లిపోయారనో, ఆచూకీ లేరనో చెప్పినవి. బిహార్ అంటేనే వలస. తాత్కాలికంగా పోయినవాడెవడు, శాశ్వతంగా పోయినవాడెవడు అని నెల రోజుల్లో గడప గడపకూ తిరిగి తేల్చడం ఎట్లా సాధ్యం? తొలగించిన పేర్లను కారణాలతో సహా ప్రచురించాలని సుప్రీంకోర్టు ఆగస్టు 14న ఆదేశించాకే ఎవరి పేరు ఎందుకు పోయిందో బయటపడింది. మన దగ్గరా ఇది కొత్త కాదు. 2018 తెలంగాణ ఎన్నికల రోజున పేర్లు లేక వెనక్కి పోయినవాళ్లు ఎంతమందో మనకు గుర్తుంది.

ఊళ్లోనా, పనిచేసే చోటా, ఎక్కడ ఓటు ఉంచుకోవాలి? రెండు చోట్ల ఉండకూడదు. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది దాకా జైలు పడొచ్చు. చాలా సంస్థలు నగరంలో ఫారం-8 నింపించి చిరునామా మార్పించడమే విజయంగా లెక్కపెడతాయి. మేము దీనితో ఏకీభవించం. ఆరు నెలలు పోయి ఆరు నెలలకు తిరిగొచ్చే కుటుంబానికి రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇంటి స్థలం, కుల ధ్రువీకరణ అన్నీ ఊరితోనే ముడిపడి ఉంటాయి. ఓటు అక్కడినుంచి తీసేస్తే ఊళ్లో ఉన్న కాస్త బేరం చేసే బలమూ పోతుంది. అట్లాంటి వాళ్ల పేరు ఊళ్లోనే కాపాడాలి. పిల్లలతో సహా పది, పదిహేనేళ్లుగా ఒకే బస్తీలో ఉంటూ అక్కడి నల్లా కోసం, డ్రైనేజీ కోసం కొట్లాడుతున్న వాళ్లకు మాత్రం నగరంలో ఓటే ఆయుధం. నిర్ణయం ఆ కుటుంబానిది. మన పని రెండు దారుల లాభనష్టాలు చెప్పడం.

నగరంలో నమోదు కావాలనుకునేవాళ్లకు చిరునామా రుజువు లేకపోవడం పెద్ద అడ్డంకిగా కనిపిస్తుంది. ఇళ్లు లేనివాళ్ల విషయంలో ఎన్నికల సంఘం నిబంధన స్పష్టంగా ఉంది. వాళ్లు ఫారంలో చెప్పిన చోట నిజంగా పడుకుంటున్నారా అని బూత్ స్థాయి అధికారి (బీఎల్‌వో) ఒకటికి మించి రాత్రులు వచ్చి చూసుకోవాలి. చూసుకుంటే వేరే పత్రం అక్కర్లేదు. ఫుట్‌పాత్ మీద పడుకునేవాడికి వర్తించే ఈ సూత్రాన్ని రేకుల షెడ్డుకు వర్తింపజేయమని మేము అడిగితే ఒక అధికారి నవ్వి, “రాత్రి పూట ఎవరొస్తారండీ” అన్నారు. నిబంధన ప్రతి ప్రింటు తీసుకుని పోతే రెండోసారి నవ్వలేదు.

ఇంకొక చిన్న విషయం, పోలింగ్ రోజున పనికొచ్చేది. ప్రతి కేంద్రంలో ‘ఏఎస్‌డీ’ జాబితా ఉంటుంది. లేనివాళ్లు, మారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్ల జాబితా. వలస పోయినవాళ్ల పేర్లు ఎక్కువగా ఇందులోకి ఎక్కుతాయి. ఏజెంట్లు దీన్ని చూపించి కూలీలను వెనక్కి పంపేస్తుంటారు. ఏఎస్‌డీలో ఉన్నా అసలు మనిషి వచ్చి గుర్తింపు చూపిస్తే, పరిశీలన తర్వాత ఓటు వేయనివ్వాలి. సంతకంతో పాటు వేలిముద్ర తీసుకుంటారు, అంతే.

దూరం నుంచే ఓటేసే ఏర్పాటు ఎందుకు లేదన్నది న్యాయమైన ప్రశ్న. కశ్మీర్ లోయ వదిలి వచ్చిన నిర్వాసితులు జమ్ము, ఉధంపూర్, ఢిల్లీలలో ప్రత్యేక కేంద్రాల్లో ఓటేస్తున్నారు. అంటే సాధ్యం కానిది కాదు. 2022 డిసెంబర్‌లో ఎన్నికల సంఘం ఒకే యంత్రంతో 72 నియోజకవర్గాల ఓట్లు తీసుకోగల రిమోట్ ఓటింగ్ యంత్రం నమూనా ప్రకటించింది. 2019లో 30 కోట్లకు పైగా ఓటర్లు ఓటేయలేదని, అందులో దేశంలోపలి వలస ఒక ముఖ్య కారణమని తనే చెప్పింది. 2023 జనవరి 16న పార్టీలకు చూపించాలని పిలిచింది. వలస ఓటరు ఎవరో నిర్వచనమే లేదని, యంత్రం మీద నమ్మకం లేదని ప్రతిపక్షాలు అభ్యంతరం చెప్పాయి. అక్కడితో ఆగిపోయింది. అభ్యంతరాలు తేలికైనవి కావు. కానీ తర్వాత ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తిన పార్టీ కూడా లేదు.

ఈ పనికి జీతం ఎవరిస్తారు

1956లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో సెప్టిమా క్లార్క్ అనే నల్లజాతి టీచరు ఉద్యోగం పోగొట్టుకుంది. కారణం, హక్కుల సంఘంలో సభ్యత్వం వదులుకోనంది. పింఛను కూడా పోయింది. టెనెసీలోని హైలాండర్ స్కూలు ఆమెను పనిలోకి తీసుకుంది. 1957లో జాన్స్ ద్వీపంలో నల్లజాతి కూలీలకు ఓటరు నమోదు పరీక్ష గట్టెక్కేలా చదువు నేర్పే మొదటి పౌర పాఠశాల మొదలైంది. అందులో టీచరుగా పెట్టింది ఎవరిని? టీచరు శిక్షణే లేని బెర్నీస్ రాబిన్సన్‌ను. ఆమె బ్యూటీషియన్. ఆమె దగ్గరికి వచ్చేది నల్లజాతి ఆడవాళ్లే కాబట్టి తెల్లవాళ్లు ఆమె పొట్ట కొట్టలేరు.

మన దగ్గర ఈ పనిలోకి రావాలనుకునే ప్రతి ఒక్కరూ ఆ ఎంపిక గురించి ఆలోచించాలని మేము అనుకుంటాం. ఎవరి మీద ఆధారపడి బతుకుతున్నామో వాళ్లకు వ్యతిరేకంగా ఓటరు నమోదు చేయలేం. అందుకే జీతం ఎక్కడినుంచి వస్తుందన్నది ఈ వృత్తిలో మొదటి రాజకీయ ప్రశ్న.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే అసలు పని చేసేది బీఎల్‌వో. ఎక్కువగా అంగన్‌వాడీ టీచర్లు, స్కూలు టీచర్లు. 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం వాళ్ల పారితోషికాన్ని ఏడాదికి 6,000 నుంచి 12,000 రూపాయలకు పెంచింది. నెలకు వెయ్యి. ఆ వెయ్యికి వెయ్యి గడపలు తిరగమంటే తాళం వేసిన ఇంటి ముందు ఎంతసేపు నిలబడతారు? బీఎల్‌వోను శత్రువుగా చూసే కార్యకర్త ఈ పనిలో ఎక్కువ కాలం నిలవడు. జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో పారా లీగల్ వాలంటీర్లుంటారు. పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఇస్తారు. అది జీతం కాదు. అప్పీళ్లు, దరఖాస్తులు రాయడం నేర్చుకోవడానికి మాత్రం అంతకు మించిన బడి లేదు.

స్వచ్ఛంద సంస్థల్లో ‘ఫీల్డ్ కోఆర్డినేటర్’, ‘మొబిలైజర్’ పేర్లతో ఉద్యోగాలుంటాయి. ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉంటాయి. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ వీటిని గట్టిగా దెబ్బకొట్టింది. పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించారు. పెద్ద సంస్థల నుంచి చిన్న మొత్తాలు తీసుకుని మండల స్థాయిలో పనిచేసే దళిత సంఘాలకు ఆ దారి మూసుకుపోయింది. పోయిన ఉద్యోగాలు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు.

కార్మిక సంఘాల్లో పూర్తికాలం కార్యకర్తలకు వచ్చేది తక్కువ. కానీ సభ్యత్వ రుసుముతో నడిచే సంఘానికి బెర్నీస్ రాబిన్సన్ స్వేచ్ఛ కొంత ఉంటుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు చేయించే చోటే ఓటరు జాబితాలో పేరూ చూడటం మేము చూసిన వాటిలో బాగా పనిచేసిన పద్ధతి. ఓటు కోసమని పిలిస్తే రానివాళ్లు కార్డు కోసం వస్తారు, అక్కడే పేరు చూపిస్తే ఇంట్లో వాళ్ల పేర్లు కూడా చూడమంటారు.

ఇక రాజకీయ కన్సల్టెన్సీలు. వీటిలో జీతం బాగుంటుంది, ఎన్నికలైన మర్నాడు ఉద్యోగం ఉండదు. చేరిన మా మిత్రులను తప్పుపట్టం, ఇంటి దగ్గర అప్పులు మాకూ తెలుసు. ఒక్కటే చెబుతాం. అక్కడ మీరు సేకరించే కులం, ఫోన్ నంబరు, వలస పోయిన చోటు ఒక పార్టీ ఆస్తి అవుతాయి. అడ్డాకు వచ్చే బస్సు ఎటునుంచి వస్తుందో ఆ జాబితాయే చెబుతుంది.

సంస్థల లోపలి కులం గురించి కూడా రాయాలి. వాడలో తిరిగేది, బీఎల్‌వోతో గొడవపడేది, రాత్రి షెడ్లలో ఫారాలు నింపేది దళిత యువతీ యువకులు. నివేదిక రాసేది, దాతతో ఇంగ్లిషులో మాట్లాడేది, సదస్సులో ఆ పని గురించి చెప్పేది ఇంకొకరు. మేము పీహెచ్‌డీకి ముందు పనిచేసిన ఒక సంస్థలో నాలుగేళ్ల ఫీల్డు పని తర్వాత కూడా మాకు నియామక పత్రం ఇవ్వలేదు. అనుభవ ధ్రువీకరణ అడిగితే ‘వాలంటీర్’ అని రాసిచ్చారు. అందుకే చేరేముందే అడగండి: నియామక పత్రం ఉందా, పీఎఫ్ కడతారా, ప్రయాణ ఖర్చు జీతంలోనేనా, సేకరించిన వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, నివేదికలో మీ పేరు ఉంటుందా. ఇవి అడిగితే ‘నిబద్ధత లేదు’ అనే చోట చేరకపోవడమే మేలు.

చదువు సంగతికొస్తే, టాటా ఇన్‌స్టిట్యూట్‌లో దళిత, ఆదివాసీ అధ్యయనాలతో సోషల్ వర్క్ ఎంఏ ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. ఇవి ఉపయోగమే. కానీ ఓటరు జాబితా పీడీఎఫ్‌ను ఇంటి నంబర్ల వారీగా చదవడం, నిరుటి జాబితాతో పోల్చి పోయిన పేర్లు పట్టుకోవడం, ఏ అధికారికి ఏ సెక్షన్ కింద దరఖాస్తు పెట్టాలో తెలియడం, కన్నడ, మరాఠీ, హిందీల్లో ఏదో ఒకటి మాట్లాడగలగడం ఏ కోర్సూ నేర్పదు. ఓటరు నమోదుకు ఇప్పుడు ఏడాదికి నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1. పదిహేడేళ్లు నిండినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి దసరాకు, ఉగాదికి, పీర్ల పండక్కి కూలీలు ఊరికి తిరిగొచ్చే రోజుల్లోనే వాడలో బల్ల వేసుకుని కూర్చోవాలి. పండగ సెలవులు ఈ ఉద్యోగంలో లేవు.

సముద్రం దాటినవాళ్లు

గల్ఫ్‌లో ఉన్న కరీంనగర్, నిజామాబాద్ కార్మికులు ఫారం-6ఎ తో పాస్‌పోర్టులోని ఊరి చిరునామాలో నమోదు కావచ్చు. 2010 సవరణతో ఈ హక్కు వచ్చింది. ఓటేయాలంటే మాత్రం మనిషి స్వయంగా రావాలి. 2024లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు దాదాపు 1.19 లక్షలు, వచ్చి ఓటేసినవాళ్లు మూడు వేల లోపు, వాళ్లలోనూ అత్యధికులు కేరళవాళ్లు.

బ్రిటన్‌కు చదువుకోవడానికి పోతున్న మన పిల్లలకు ఇంకో విషయం తెలియదు. కామన్‌వెల్త్ పౌరులుగా భారతీయులు అక్కడ నివసిస్తూ ఉంటే పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటేయవచ్చు. అక్కడ 1996 నుంచి ఆపరేషన్ బ్లాక్ ఓట్ వంటి సంస్థలు వలస సమాజాల ఓటు మీదే జీతాలిచ్చి మనుషులను పెట్టుకుని పనిచేస్తున్నాయి. కుల వివక్షను సమానత్వ చట్టంలో చేర్చాలని 2013లో అక్కడి పార్లమెంటు నిర్ణయించింది, 2018లో ప్రభుత్వం చేర్చబోమని వెనక్కి తగ్గింది. అక్కడున్న దళిత విద్యార్థులు ఓటర్లుగా నమోదై ఉండటం ఆ లెక్కలో చిన్న విషయం కాదు.

షెడ్డులోని పెద్దమ్మ సంగతి. ఆమె పేరు వాళ్ల ఊరి జాబితాలో ‘మారిపోయారు’ అన్న కారణంతో పోయింది. నోటీసు ఇచ్చినట్టు ఆఫీసులో రికార్డు ఉంది, ఆమె చేతికి రాలేదు. వచ్చినా ఇంటికి తాళం. దసరాకు ఊరికి వచ్చినప్పుడు ఫారం-6 పెట్టించాం. బీఎల్‌వో వచ్చి చూసేదాకా ఇంకో రెండు రోజులు ఆగమని బతిమాలితే ఆగింది, ఆ రెండు రోజుల కూలి పోగొట్టుకుంది. పేరు తిరిగి వచ్చింది. 2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికలకు వచ్చి ఓటేశానని ఫోను చేసి చెప్పింది. ఎట్లా వచ్చావు పెద్దమ్మా అంటే, “జీపు పెట్టిండ్రు గద” అన్నది. ఎవరు పెట్టారని మేము అడగలేదు.